మా ఆట మాయమైన శనివారం

ఆ రోజుల్లో అంటే తాతలనాటి సంగతేమీ కాదు, మొన్నమొన్నటిదే. అయినా అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో ఎరగని కుర్రాడిలా ఉంటాడు. గాజువాకలో ఒక మేడ మీద గదిలో నేనూ, నేను బావా అని పిలిచే స్నేహితుడూ (చుట్టరికమేమీ లేదు, మా వైపు అందరూ బావలే) రెండేళ్ళు కూర్చుని ఒక కంప్యూటర్ ఆట తయారుచేశాం. బొమ్మలు వాడివి, మాటలు నావి. హార్బరులో చేపలమ్మే ఒక వితంతువుకీ, పోర్టులో క్రేను నడిపే మనిషికీ మధ్య ప్రేమకథ. పెద్దవాళ్ళ ఆట. అందులో రెండు ఘట్టాలు రాసేటప్పుడు గదిలో ఎవరూ లేకపోయినా లేచి తలుపు గడియ పెట్టేవాణ్ణి. ఇంట్లో మాత్రం సాఫ్ట్‌వేరని చెప్పాను. మా అమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ప్రతి ఆదివారం నా సాఫ్ట్‌వేరు కోసం ప్రార్థన చేయించేది. నేను తల వంచుకుని ఆమెన్ అనేవాణ్ణి.

ఆటని ఒక విదేశీ ఆన్‌లైన్ దుకాణంలో పెట్టాం. కొన్ని వారాలు బాగానే నడిచింది. ఒక శనివారం పొద్దున్నే ఫోన్ మోగింది.

"బావా, మన ఆట అవుపడతం లేదు. పేజీయే లేదు."

చూస్తే నిజంగానే లేదు. మాదే కాదు, అలాంటి ఆటలెన్నో ఒక్క పూటలో మాయం. ఎక్కడో ఒక ఉద్యమ సంఘం అలాంటి ఆటలు ఆపించాలని క్రెడిట్ కార్డు కంపెనీలకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాయించిందట. అవి తీయకపోతే చెల్లింపులు ఆపేస్తామని కార్డు కంపెనీలు దుకాణాన్ని బెదిరించాయట. దుకాణంవాళ్ళు హడలిపోయి అన్నీ తీసేశారట. మా ఆట ఎవరైనా ఆడి చూశారా అని రాస్తే జవాబు లేదు. కోర్టు కాదు, ప్రభుత్వం కాదు, డబ్బు అటునుంచి ఇటు చేరవేసే కంపెనీ మా చేపలామె ప్రేమించకూడదని తేల్చేసింది.

మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఏటైందిరా అని అమ్మ అడిగింది. మా ఆటని ఎవరో కార్డు కంపెనీలకి ఉత్తరాలు రాసి తీయించేశారన్నాను. ఎలాంటి ఆటో చెప్పలేదు.

"కార్డు కంపెనీలకి రాసినయ్యేనా? మా సమాజం కూడా రాసింది కదరా. మా అందరి పేర్లూ నువ్వే కదా కొట్టి పంపావ్" అంది అమ్మ.

నిజమే. నెల కిందట ఆరాధన అయ్యాక అమ్మ ఫోనుకి ఎవరో పంపిన ఫారంలో ఆ పేర్లన్నీ టైపు చేసింది నేనే. (పైన ఏం రాసుందో చదవలేదు. ఆకలి మీదున్నాను.)

ఇక దాచలేక కథంతా చెప్పేశాను, ఆ రెండు ఘట్టాలతో సహా. అమ్మ కంచం పక్కకి జరిపింది.

"ఆడోళ్ళని హింసలు పెట్టే ఆటలని రాసుందిరా అందులో. అందుకే నాను ఒప్పుకున్నాను. నీ సేపలామె సంగతి నాకెవరు సెప్పారు?" అంది. మళ్ళీ తనే, "ఆళ్ళు పెళ్ళి సేసుకుంటారా?" అంది.

పొద్దుటినుంచి తగిలిన దెబ్బలన్నిట్లోకీ ఇది పెద్దది. చేసుకోరన్నాను. అది తప్పంది.

అమ్మ తన పేరు తీసేయమని నా చేతే ఇంకో ఉత్తరం రాయించింది. దానికీ జవాబు రాలేదు. చివరికి ఆ రెండు ఘట్టాలూ కోసేసి ఆటని మళ్ళీ పెట్టాం, దుకాణం ఒప్పుకుంది. ఇప్పుడు నాది వేరే ఉద్యోగం. ఆట ఇంకా ఉంది. కోసిన చోట కథ కుంటుతుంది, అది నాకు తెలుస్తుంది. అన్నాళ్ళు దిద్దుకున్న మాటల్ని కిమ్మనకుండా తీసేసిన ఆ కుర్రాడి మీద కోపం రావాలి. రాదు. చెవులు ఎర్రబడి, మాట తడబడుతూ, కన్నతల్లికి ప్రేమకథ చెబుతున్న వాడి ముఖమే కళ్ళ ముందు మెదిలి నవ్వొస్తుంది.