చిన్నస్వామి గొంతు

తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ మూతబడి, ఊళ్ళో ఎక్కడా పనులు లేని ఏడాది, చిన్నస్వామికి టూరిస్టులకు జార్జి టౌన్ వీధులు చూపించే ఉద్యోగం దొరికింది. మెషీన్ల హోరులో బతికిన మనిషి కదా, ఎవరికేం చెప్పాలన్నా చెవి దగ్గరకు వంగి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని అరిచేవాడు. ఒక మార్గళి నెల పొద్దున, చలిమంచులో, హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దావిడ ఆ చేతిని మెల్లగా దించి, "నిదానంగా చెప్పు నాయనా, నాకు వినిపిస్తుంది," అంది. అతను ఆగిపోయాడు. పాత మేడ మీంచి లేచిన పావురాల రెక్కల చప్పుడు, హార్బరులో ఎక్కడో ఓడ కూత, కలలోలాగా ఒక్కొక్కటే చెవిన పడ్డాయి.

"ఈడనే... మా తాత బండి లాగినాడమ్మా," అన్నాడు, తనకే కొత్తగా ఉన్న గొంతుతో.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భార్యను అదే గొంతుతో "అమ్మణీ" అని పిలిచాడు. ఆమె పొయ్యి ఆర్పి పరిగెత్తుకొచ్చి, అతని నుదుటి మీద చేయి పెట్టి చూసింది.

"ఏమయ్యా, జొరమా?"