అద్దం మీద మూడు వాక్యాలు

నా పేరు పెర్లిటా సుమగైసాయ్. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరంలో, హారో పేటలో, నర్సింగ్ కాలేజీ గేటుకి ఎదురుగా మాకు జెరాక్స్ షాపు ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఇతరులు రాసినదాన్ని కాపీ తీయడమే నా పని. సొంతంగా ఒక్క ముక్క రాయాలన్న ఆలోచన అరవై ఏళ్లు నిండేదాకా రాలేదు. వచ్చాక మాత్రం నన్నాపడం ఎవరి తరమూ కాలేదు.

అరవై నిండిన నెలలోనే నాకు పెద్దవాళ్ల కార్డు వచ్చింది. అది చూపిస్తే మా దగ్గరి సినిమా హాల్లో సోమవారం మధ్యాహ్నం ఆట ఉచితం. ఉచితమని తెలిశాక ఏ సినిమా అని అడగడం మర్యాద కాదనుకునే మనిషిని నేను. దయ్యాలదైనా, ప్రేమదైనా, అంతరిక్షంలో తిరిగేదైనా వెళ్లి కూర్చునేదాన్ని. బయట ఎండకి తారు మెత్తబడుతుంటే, లోపల ఏసీకి శాలువా కప్పుకోవలసి వచ్చేది. హాలు పక్కనే బాట్చోయ్ దుకాణం. పెద్ద గిన్నెడు వేడి నూడుల్స్, పైన కరకరలాడే పంది చర్మం, ఇంకో గరిటె పులుసు అడిగి పోయించుకుని తాగేదాన్ని. తర్వాత వెళ్లి ఆ చల్లటి చీకట్లో, మెత్తటి కుర్చీలో కూర్చుంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఆ సంగతి అప్పట్లో నేనెవరికీ చెప్పలేదు.

రాయడం ఎలా మొదలైందంటే, ఒక మంగళవారం జోనాలిన్ అనే విద్యార్థిని నోట్సు కాపీలకని వచ్చి, అక్కా అన్నట్టు పిలిచి, "నాంగ్ పెర్లా, నిన్న దయ్యం సినిమా చూశారట కదా, ఎలా ఉంది?" అని అడిగింది. చెప్పాను. ఆమె వెనకున్న పిల్ల అదే అడిగింది. ఆ వెనకున్న పిల్ల కూడా. పదోసారి చెప్పాల్సి వచ్చేసరికి విసుగొచ్చి, పాడైపోయిన కాపీ ఒకటి తిరగేసి, లావుపాటి మార్కర్‌తో రాసి షాపు అద్దానికి అంటించాను.

"దయ్యం కనిపించేదాకా భయమేసింది. కనిపించాక మా ఆడపడుచు గుర్తొచ్చింది. అప్పుడు అసలు భయం మొదలైంది."

ఆ మార్కర్‌తో ఆ కాగితం మీద మూడు వాక్యాలే పట్టాయి. తర్వాత తర్వాత ఎవరైనా "మూడే ఎందుకు?" అంటే, "క్లుప్తంగా చెప్పడమే గొప్ప విద్య" అని జవాబిచ్చేదాన్ని.

పిల్లలు ఆ కాగితాన్ని ఫొటో తీసుకుని నవ్వుకున్నారు. ఒక మనిషి చెడిపోవడానికి అంతకన్నా ఏం కావాలి? మళ్లీ వచ్చే సోమవారం కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాను. అంతరిక్షం సినిమా గురించి, మూడు గంటలు నక్షత్రాల మధ్య తిరిగినా ఒక్కరూ భోజనానికి కూర్చోలేదని రాశాను. తుపాకుల సినిమాలో హీరోకి పదకొండు తూటాలు తగిలినా పరుగెత్తాడనీ, మా ఆయన వేలు తలుపు సందులో పడితే వారం మంచం దిగలేదనీ రాశాను. కోర్టు సినిమా చూసి, లాయరు కంటే ఆయన వెనక నిలబడ్డ గుమాస్తా బాగా నటించాడన్నాను. పీతల బొమ్మల సినిమా నాకు అర్థం కాలేదు. పక్క సీట్లోని నాలుగేళ్ల పాప ఓపిగ్గా కథ చెప్పింది. దాన్నే నా సొంత అభిప్రాయంగా రాశాను.

ఆ రోజుల్లో నా నడకే మారిందని మా ఆయన అంటాడు. ఆయన పేరు అర్సెనియో. ముప్పై ఏళ్లు జనాన్ని ఎక్కించుకునే జీప్నీ నడిపి, నడుం పట్టేశాక బండి అమ్మేసి, షాపులో మెషీన్ వెనక స్టూలు మీద కూర్చుంటున్నాడు. ఎక్కువ మాట్లాడడు. సెలవు రోజుల్లో నాతో సినిమాకి వచ్చేవాడు. ఎలా ఉందంటే ఏదైనా సరే "బాగుంది" అనేవాడు.

"అన్నీ బాగుంటే ఇంక అభిప్రాయం ఎందుకు?" అని నేను దెప్పేదాన్ని.

"నన్నెవరూ అడగలేదుగా" అనేవాడు.

ఒకసారి నేను 'ఛాయాగ్రహణం అమోఘం' అని రాస్తే, అదేమిటని అడిగాడు.

"ఫొటో బాగా తీశారని."

"మనమూ తీస్తాంగా, పాస్‌పోర్టు సైజువి" అన్నాడు. కళ తెలియని మనిషితో వాదన ఎందుకని ఊరుకున్నాను.

ఇంతలో కాలేజీ రేడియో వాళ్లు పిలిచి, నాతో అయిదు నిమిషాలు మాట్లాడించారు. ఆ అయిదు నిమిషాల కోసం జుట్టుకి రంగు వేయించుకున్నాను. రేడియోలో జుట్టు కనిపించదన్న సంగతి ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాక తట్టింది.

ఆ తర్వాతి సోమవారం కాలేజీకి సెలవు. షాపు మూసి ఇద్దరం హాలుకి వెళ్లాం. ఆ రోజు పెద్ద సినిమా లేదు. గిమరాస్ దీవి వాళ్లు తీసిన చిన్న సినిమా వేశారు. దీవికీ మా ఊరికీ మధ్య మోటారు పడవ నడిపే ఒక ముసలాయన కథ. మొదటి పావుగంటా ఆయన తాడు విప్పాడు, నీళ్లు తోడాడు, ఇంజన్‌కి నూనె పోశాడు. ఆ నూనె పోయడం నాకు బాగా గుర్తుంది. దాని తర్వాత నాకు గుర్తున్నది లైట్లు వెలగడం, జనం లేవడం.

మనస్సాక్షి ఉన్న మనిషైతే ఆ వారం రాయకుండా ఊరుకునేది. కానీ మంగళవారం పొద్దున్న పిల్లలు అద్దం ముందు నిలబడి చూస్తున్నారు. వాళ్లని నిరాశపరచడం ఇష్టం లేకపోయింది. రాశాను.

"పడవ బయలుదేరింది. పడవ చేరింది. మధ్యలో ఏమీ జరగలేదు."

అంతకుముందు రాసిన ఏ కాగితానికీ అంత నవ్వు రాలేదు. పిల్లలు దాన్ని ఫోన్లలో ఎక్కడెక్కడికో పంపారు. నేను మెషీన్‌లో కాగితాలు పెడుతూ, వినపడనట్టు నటిస్తూ, ప్రతి నవ్వూ విన్నాను. అర్సెనియో ఆ కాగితం చదివి నా వైపు ఒకసారి చూశాడు.

గురువారం పదకొండు గంటలప్పుడు ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, నల్లబడ్డ చేతులు, ఉప్పుగాలికి పగిలిన పెదాలు. అద్దం మీది కాగితాన్ని రెండుసార్లు చదివి లోపలికొచ్చి, టోపీ తీశాడు.

"ఇందాయ్, అది రాసింది నువ్వేనా అమ్మా?"

చెల్లెమ్మా అన్నట్టు అంత ఆదరంగా పిలిస్తే నేనూ పొంగిపోయి, "నేనేనండి. కూర్చోండి" అన్నాను.

"నా పేరు ఎవుటిక్యో. టిక్యో అంటారు. ఆ పడవాయన నేనే."

"ఏ పడవాయన?"

"సినిమాలో. నేను నటుణ్ణి కాదమ్మా, నిజంగానే పడవ నడుపుతాను. మా టీచరమ్మ కూతురు తీసింది ఆ సినిమా. మా గురించి పేపర్లో ఎవరూ రాయలేదు. నువ్వొక్కదానివే రాశావని మా మనవరాలు ఫోన్లో చూపించింది. ఆ కాగితం ఒక పన్నెండు కాపీలు తీసిస్తావా? పనిచేసిన వాళ్లందరికీ తలా ఒకటి ఇవ్వాలి."

నా జీవితంలో చాలా రకాల కాగితాలు కాపీ తీశాను. పెళ్లి రద్దు కాగితాలు, మరణ ధ్రువపత్రాలు, ఒకసారి దొంగ మార్కుల పట్టీ కూడా. ఏదీ అంత బరువనిపించలేదు. అద్దం మీంచి కాగితం ఊడదీసి మెషీన్‌లో పెట్టాను. పచ్చని వెలుగు అటూ ఇటూ తిరుగుతుంటే ఆయన నెమ్మదిగా అడిగాడు.

"మధ్యలో ఏమీ జరగలేదన్నావు కదా. ఆ గుండీల దగ్గర నీకు నచ్చలేదా?"

ఏ గుండీలో నాకు తెలియదు. అయినా తల పంకించి, పెద్దన్నని పిలిచినట్టు నోంగ్ అని కలిపి, "బాగానే ఉంది గానీ నోంగ్ టిక్యో, అక్కడ కాస్త సాగదీశారు" అన్నాను.

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "నిజమేనేమో. నాలుగు గుండీలు చూపించకుండా రెండు చూపిస్తే చాలునేమో."

"రెండు చాలు" అన్నాను నేను, గంభీరంగా.

"ఆమె నిద్రపోయిందండీ" అన్నాడు అర్సెనియో స్టూలు మీంచి.

మెషీన్ ఆరో కాపీ బయటికి తోసింది.

"పడుకోలేదు, కళ్లు మూసుకున్నానంతే" అన్నాను.

"నూనె పోసినప్పుడు పడుకుంది, దీపాలు వేసినప్పుడు లేచింది" అన్నాడు అర్సెనియో. ఆయన నోట ఒకేసారి అన్ని మాటలు నేను అంతకుముందు వినలేదు. అక్కడితో ఆగాడా అంటే ఆగలేదు. "నడిసముద్రంలో ఆ మొగుడు పోయినావిడ ఇంజన్ ఆపమంటుంది. ఈయన ఆపుతాడు. ఎందుకని అడగడు. ఆవిడ మొగుడి చొక్కా ఒళ్లో పెట్టుకుని ఊడిపోయిన గుండీలు కుడుతుంది. ఇంట్లో కుడదామంటే జనం పరామర్శకి వస్తూనే ఉంటారు కదా, అందుకని. నాలుగూ కుట్టి దారం కొరుకుతుంది. ఇంక పోనివ్వండి అంటుంది. నాలుగూ చూపించాలి. రెండు చూపిస్తే చొక్కా పూర్తవదు."

నోంగ్ టిక్యో మా ఆయన వైపు తిరిగి కూర్చున్నాడు. నేను ఆ షాపులో లేనట్టే.

"ఇంజన్ ఆపాక ఎలా ఉంది?" అని అడిగాడు.

"మంచి నిశ్శబ్దం. కానీ హాల్లో ఈవిడ గురక మొదలైంది. రెండుసార్లు పొడిచాను. లేవలేదు."

"ఆ చప్పుడు ఈ అమ్మాయిదేనా?" అన్నాడు నోంగ్ టిక్యో. ఆయన ముఖంలో కోపం లేదు. ఎన్నాళ్లుగానో వెతుకుతున్న వస్తువు దొరికినట్టుంది. "నేను వెనక వరసలో కూర్చున్నాను. ఆపిన ఇంజన్ మళ్లీ ఎందుకు మోగుతోందా అనుకున్నాను. ఆ సినిమా తీసిన పిల్ల మొత్తానికి ఇంజన్ చప్పుడు కత్తిరించడం మర్చిపోయిందని ఇంటికెళ్లి తిట్టాను కూడా."

ఆయన నవ్వాడు. అర్సెనియో నవ్వాడు. బయట వరసలో నిలబడ్డ జోనాలిన్ కూడా నవ్వింది. నవ్వలేక, ఏడవలేక నేను మిగిలిన కాపీలు తీశాను. పన్నెండూ లెక్కగా ఇవ్వబోతే నోంగ్ టిక్యో తీసుకోలేదు.

"ఇవి వద్దులే అమ్మా. శనివారం మధ్యాహ్నం మా బరంగాయ్ వాడ‌లో ఇంకోసారి వేస్తున్నారు. నా పడవలోనే తీసుకెళ్తాను. చూసి మళ్లీ రాయి."

వెళ్లాను. మమ్మల్నిద్దరినీ ఎక్కించుకుని ఆయన పడవ పావుగంటలో దీవికి చేరింది. ఆ పావుగంటలో నేను పొద్దున తిన్నదంతా సముద్రానికి సమర్పించాను. ఆయన ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, రెండో చేత్తో నా జాకెట్టు వెనక పట్టుకున్నాడు. "ఇక్కడ కూడా మధ్యలో ఏమీ జరగట్లేదా?" అని అర్సెనియో అడిగాడు. నేను మళ్లీ పడవ అంచు మీదికి వంగాను.

సినిమా వేసింది బాస్కెట్‌బాల్ ఆడే రేకుల షెడ్డులో. వెలుగు రాకుండా చుట్టూ పాత ఎన్నికల ఫ్లెక్సీలు కట్టారు. నాయకులంతా వరసగా నవ్వుతూ మాతో పాటే సినిమా చూశారు. మళ్లీ నిద్ర పట్టేస్తుందేమోనన్న భయంతో నేను స్తంభానికి ఆనుకుని నిలబడే ఉన్నాను. జనం ఒక్క క్షణం ఊరుకుంటే ఒట్టు. తెర మీద మేక కనిపిస్తే "అది మాది" అని ఒకావిడ, "మాది" అని ఇంకొకావిడ తగువు పెట్టుకున్నారు. నూనె పోసే సీను వచ్చేసరికి నా కళ్లు బరువెక్కాయి. తొడ గిల్లుకున్నాను.

తర్వాత ఇంజన్ ఆగింది. జనం మాత్రం ఊరుకోలేదు, "ఇప్పుడు కుడుతుంది చూడు" అని ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటూనే ఉన్నారు. ఆవిడ సూదిలో దారం ఎక్కించింది. పడవ ఊగుతుంటే దారం ఎక్కలేదు. మళ్లీ ప్రయత్నించింది. పడవాయన ఆమె వైపు చూడకుండా నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. మూడో గుండీ దగ్గర నాకు ముక్కు కారడం మొదలైంది. రుమాలు తీసుకెళ్లలేదు. అర్సెనియో తన తువ్వాలు ఇచ్చాడు. దెప్పలేదు. ఆ మంచితనానికి ఆ పూటంతా నాకు ఒళ్లు మండింది.

ఆట అయ్యాక నోంగ్ టిక్యో మామిడిపళ్లు కోసి పెడుతూ, "ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"ఆ గుండీలు నాలుగూ ఉండాలి" అన్నాను. "కానీ మొదట్లో నూనె పోయడం నిజంగానే ఎక్కువైంది నోంగ్. అబద్ధం చెప్పలేను."

"ఇప్పటికి నిజం చెప్పావు" అన్నాడు. "అది నేను పోస్తుంటే నాకే ఆవలింత వచ్చింది. తెర మీద జాగ్రత్తగా చూస్తే కనిపిస్తుంది."

సోమవారం కొత్త కాగితం రాశాను. మూడు వాక్యాల్లో ఇమడలేదు. రెండు కాగితాలు అతికించాల్సి వచ్చింది. మొదటిసారి ఎందుకు తప్పు రాశానో, ఎక్కడ నిద్రపోయానో, హాల్లో ఎవరి గురక వినిపించిందో అంతా రాశాను. పిల్లలు దాన్ని కూడా ఫొటో తీసుకున్నారు. ఈసారి నవ్వు ఎక్కువే వచ్చింది. అది నా చమత్కారానికి కాదని నాకు తెలుసు.

అప్పటినుంచి ప్రతి కాగితం అడుగున నిద్రపోయిన నిమిషాలు కూడా వేస్తున్నాను. యుద్ధం సినిమాకి పన్నెండు. పాటల సినిమాకి సున్నా, పాటలు మరీ గట్టిగా ఉన్నాయి. వంటవాడి కథకి నలభై, కానీ కలలో కూడా తింటూనే ఉన్నాను కాబట్టి దాన్ని చూసినట్టే లెక్క వేశాను. ఇప్పుడు జోనాలిన్ వాళ్లు నా మాటలు చదవడం మానేసి ముందు ఆ అంకె చూస్తున్నారు. చూశాక, "మీరేమంటారు నోంగ్?" అని లోపల స్టూలు వైపు అడుగుతున్నారు. మా ఆయనకి ఈ మధ్య గర్వం పెరిగింది. చొక్కా ఇస్త్రీ చేయించుకుంటున్నాడు.

నోంగ్ టిక్యో ఇంజన్ సామాను కొనడానికి ఇటు వచ్చినప్పుడల్లా షాపులో కాసేపు కూర్చుంటాడు. పోయిన వారం ఎక్కడో ఆ పీతల బొమ్మల సినిమా చూశాడట. వచ్చీ రాగానే నా మీద పడ్డాడు.

"ఇందాయ్, అది బాగుందని ఎలా రాశావు? అందులో పీత నిటారుగా నడిచింది."

"బొమ్మల సినిమా కదా నోంగ్."

"బొమ్మైతే మాత్రం? నేను పీతల్ని అరవై ఏళ్లుగా చూస్తున్నాను. ఒక్కటీ అలా నడవలేదు. ఇంతకీ ఆ అభిప్రాయం నీదేనా?"

నాలుగేళ్ల పాపదని చెప్పడానికి నోరు రాలేదు. "కాపీలేమైనా తీయాలా?" అని అడిగాను.