ఆసుపత్రి లైను మీది అత్తగారు

ఒల్గీన్ ఊళ్లోని ఆ పేటకి శనివారమంటే ఒడాలిసే. ఇంటర్నెట్ అంతంతమాత్రంగా వచ్చే ఊరు కదా, వారానికి సరిపడా సీరియళ్లూ సినిమాలూ డిస్కులో నింపుకుని, సైకిలెక్కి ఇంటింటికీ కాపీ చేసి ఇస్తుంది. ఈసారి అందరూ కళ్లల్లో వత్తులేసుకుని చూస్తున్న సీరియల్ ఆఖరి భాగం రావాల్సిన వారం. సరిగ్గా ఇప్పుడే ఆవిడ పాత డిస్కు గుటుక్కుమంది. శనివారానికి ఇంకోటి సిద్ధం కాకపోతే గిరాకీ అంతా తనలాగే కాపీలు పంచే పక్కవీధి ఎలియో తన్నుకుపోతాడు.

ఎక్కడిదో బ్యాంకు సర్వర్ నుంచి పీకిన పెద్ద డిస్కు చవగ్గా దొరికింది. దొరికిందే గానీ, ఫార్మాట్ అయితేనా! ఒడాలిస్ కేబుల్ మార్చింది, డిస్కు తగిలించే కార్డు మార్చింది, బుజ్జగించింది, తిట్టిపోసింది. చివరికి స్క్రీను మీది గోలంతా తాపీగా చదివితే అసలు సంగతి బయటపడింది. ఆ బ్యాంకు డిస్కులో సమాచారం దాచే ఒక్కో అరకి ఐదువందల ఇరవై బైట్లు. ఇంటి కంప్యూటర్‌కి తెలిసినవి ఐదువందల పన్నెండే. అరలన్నీ మొదట్నుంచీ మళ్లీ కట్టాలి. దానికి ఓ పగలూ రాత్రీ పడుతుంది, మధ్యలో కరెంటు పోకూడదు.

కరెంటు పోకూడదట, రోజూ పోయే ఒల్గీన్‌లో! మొదటిసారి సగంలో పోయింది. డిస్కు ఉలుకూ పలుకూ లేకుండా పడుకుంది. మళ్లీ మొదలుపెడితే లేస్తుందని ఒడాలిస్‌కి తెలుసు. కానీ ఎక్కడ మొదలుపెట్టాలి? ఊళ్లో కరెంటు పోనిది ఆసుపత్రి లైను మీది ఇళ్లకే. ఆ లైను మీద ఆవిడకి తెలిసిన ఇల్లు ఒక్కటే: తను విడాకులిచ్చిన మొగుడి తల్లి ఒర్తెన్సియాది. విడాకుల తర్వాత ఆ గడప తొక్కలేదు. మొహం చెల్లదు. అయినా కంప్యూటర్ సైకిలు మీద కట్టుకుని బయల్దేరింది.

తలుపు తీసిన ఒర్తెన్సియా ఎగాదిగా చూసింది. "ఏమే, దారి తప్పావా?"

"అత్తయ్యా, ఒక్క ప్లగ్గు కావాలి. రేపటిదాకా."

"ఓహో, నాకోసం కాదన్నమాట. గోడకోసం వచ్చావు. తగిలించుకో."

మర్నాడు పొద్దున్నే, ఎప్పటిలాగే, కరెంటు లేని వీధులవాళ్లు రైస్ కుక్కర్లు పట్టుకుని ఆ ఇంటికి దిగారు. ఒకావిడ డిస్కు ప్లగ్గు మీద చెయ్యి వేసింది. "ఉత్తినే మినుకుమంటోంది కదా, తీసేద్దునా?"

ఒడాలిస్ ఒక్క అంగలో దూకింది. ఆవిడ చేరేలోపే ఒర్తెన్సియా కుర్చీ ఈడ్చుకొచ్చి గోడకి అడ్డంగా కూర్చుంది. "ముట్టుకున్నావంటే నీ అన్నం నీ నెత్తినే వండుతా! మా కోడలి పనది."

మధ్యాహ్నానికి ఫార్మాట్ పూర్తయింది. ఖాళీ డిస్కు బుద్ధిగా తెరుచుకుంది. ఒడాలిస్ ఆనందం పట్టలేక కుక్కరావిడనే కావలించుకుంది. తర్వాత తీగలు చుట్టుకుంటూ నసిగింది. "వస్తానత్తయ్యా. మీ మేలు మరిచిపోను."

ఒర్తెన్సియా కుర్చీలోంచి లేవలేదు. "మా వాణ్ణి వదిలేశావు, బాగుంది. వాడితో నేనే వేగలేను. మరి నన్నెందుకు వదిలేశావే?"

ఒడాలిస్‌కి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. చుట్టిన తీగలు కింద పెట్టి, తనే వంటింట్లోకి వెళ్లి ఇద్దరికీ కాఫీ పెట్టింది.

శనివారం పేటంతా గుమ్మాల్లో కాచుక్కూర్చుంది. ఒడాలిస్ ఆలస్యంగా వచ్చింది. ఆఖరి భాగం అత్తగారితో కలిసి చూసి వచ్చింది మరి.