గోడకున్న జల్లెడ

నా చిన్నప్పుడు, నిజాం ఏలుబడి ఇంకా నడుస్తున్న రోజుల్లో, పాల్మాకులలో మా ఇంటి మాటకు విలువ లేకుండా పోయింది. వరుసగా రెండేళ్లు వానలు తప్పి, పక్కింటి పెద్దమ్మ దగ్గర తెచ్చిన విత్తన జొన్నలు తిరిగి ఇవ్వలేకపోయాం. మా వాడ మొత్తానికీ విత్తనం దాచేది ఆమే. ఆ ఎండాకాలం ఇంటిల్లిపాదీ కూలికి పోయి పాత బాకీ తీర్చాం. అయినా మళ్లీ విత్తనం అడిగితే పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. బాకీ తీరింది, అనుమానం తీరలేదు.

మృగశిర కార్తెలోపు విత్తనం దొరక్కపోతే చేను బీడే. మా బాపు రోజూ పొద్దున్నే తల పట్టుకుని, ఇగ మన బతుకు ఆగమైంది అనేవాడు. జొన్న గటక వడ్డించే వేళకు మాత్రం ఆ బతుకు కాస్త కోలుకునేది.

నాయనమ్మ మాత్రం ఓ పొద్దున నన్ను పిలిచి, పెద్దమ్మను జల్లెడ అడిగి తెమ్మంది.

"మన జల్లెడ గోడకే ఉన్నది గద, నాయనమ్మా?"

"ఉండనీ. పశులు ఇంటికొచ్చేలోపు తెచ్చిస్తమని చెప్పు. నీ తెలివి ఇంట్లనే పెట్టి పో."

తెచ్చిన జల్లెడ అరుగు మీద ఊరికే కూర్చుంది. పొద్దు వాలగానే నాయనమ్మ దాన్ని దులిపి, ఖాళీగా పంపకూడదని గుప్పెడు చింతచిగురు వేసి, పశువులకంటే ముందే నన్ను తరిమింది. మర్నాడు చాట, ఆ తర్వాత కొడవలి. నెల రోజులపాటు, మా ఇంట్లో ఉన్నవన్నీ పక్కింటి నుంచి మళ్లీ వచ్చి పోయాయి. ఒకరోజు నేను అష్టాచెమ్మాలో పడి మరచిపోతే, మోకాళ్ల నొప్పుల నాయనమ్మే చాట పట్టుకుని పరుగెత్తింది. పశువులు కూడా దారిచ్చి చూశాయి.

చివరికి నా నోరు ఆగలేదు. తాడు తిరిగి ఇస్తూ, "పెద్దమ్మా, ఇవన్నీ మాకున్నయి. మా నాయనమ్మకే జర పిచ్చి లేసింది" అనేశాను.

పెద్దమ్మ నవ్వలేదు.

"ఎర్కనే బిడ్డా. మీ జల్లెడ నాకు ఇక్కడికే కనవడ్తది. అక్కరుండి తీస్కపోయినోల్లే గడువు మరుస్తరు. అక్కర లేకున్నా ఒక్కనాడు మాట తప్పలే మీ ముసల్ది. అది పిచ్చి గాదు."

లోపలికెళ్లి, బూడిద కలిపి దాచిన జొన్నలు కొలిచింది.

"రెండు కుంచాలడిగిన్రు. ఒకటి తీస్కపో. రెండోది పంటొచ్చినంక చూద్దం."

ఆ ఏడు సగం చేనే విత్తాం. కళ్లం నుంచి మా ఇంటికంటే ముందు పెద్దమ్మ ఇంటికి జొన్నలు వెళ్లాయి. మరుసటి ఏడు రెండు కుంచాలూ అడగకుండానే వచ్చాయి.

ఇప్పుడు మా ఊరి దగ్గరే ఎయిర్‌పోర్టు వచ్చి, మా ఇంటి మీదుగా విమానాలు తిరుగుతున్నాయి. అయినా పక్కింటి గిన్నె మా వంటింట్లో ఉంటే, పొద్దుగూకే వేళకు నా కాళ్లు నిలవవు. అందులో ఏదో ఒకటి వేసి, కర్ర పట్టుకుని బయల్దేరతాను. పిల్లలు దీన్ని బీపీ అంటారు. బిళ్ల కూడా ఇస్తారు. వేసుకుంటాను, గిన్నె ఇచ్చి వచ్చాక.