ఆయన భార్య పేరు

ఉదయగిరిలో బస్సెక్కి, ఒక పెద్దమనిషి ఆత్మకథ చదువుకుంటా కూర్చున్నాను. పక్కసీటు అవ్వ కాసేపు పుస్తకం వైపు చూసి, "ఏం కథ నాయనా అది?" అనింది.

"ఒకాయన తన బతుకంతా తనే రాసుకున్నాడవ్వా."

"పెండ్లాం పేరేంది?"

పుస్తకం అప్పటికే సగం దాటింది. వెనక్కి తిప్పినాను, ముందుకు తిప్పినాను. ఆయన జైల్లో ఉంటే పిల్లల్ని సాకింది, సేద్యం చూసుకునింది ఆమే. ఎక్కడ చూసినా 'నా శ్రీమతి' అనే ఉండాది.

"పేరు రాయలేదవ్వా," అన్నాను.

"మొగుడి పేరు పలకకూడదని మాకు నేర్పినారు. ఓటు కార్డు వాళ్ళు అడిగినా పక్కింటామె చేత చెప్పించినాను. పెండ్లాం పేరు చెప్పొద్దని ఆయనకెవురు చెప్పినారు?"

పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆత్మకూరులో బస్సు ఆగింది. అవ్వ బుట్ట చంకనేసుకుని లేచి, అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరకు వంగింది.

"మా ఆయన పేరు పెంచలయ్య. పోయి చాన్నాళ్ళయింది. నా నోటితో పలకడం ఇదే మొదలు."

అలవాటు లేని పేరు కదా, సగంలో నాలుక తడబడింది. వెంటనే దిగిపోయింది.

చదవదగ్గ ఆత్మకథలు చెప్పమని ఎవరైనా అడిగితే ఆ పెద్దమనిషి పుస్తకమూ చెబుతాను. బాగానే రాసినాడు. చెప్పేటప్పుడు మాత్రం నా నోట్లో మెదిలేది పెంచలయ్య పేరు.