దేవుడి ఎదుట చుట్టం

ఇంగ్లండులో మా యార్క్‌షైర్ కొండపల్లెల్లో గాసిప్ అంటే తిట్టు కాదు, బంధుత్వం. గాడ్ అంటే దేవుడు, సిబ్ అంటే చుట్టం. రెండూ కలిసి గాడ్‌సిబ్ అయ్యి, మా నోళ్ళలో నలిగి గాసిప్ అయింది. బిడ్డ బాప్తిస్మానికి పూచీగా నిలబడిన మనిషి దేవుడి ఎదుట ఆ ఇంటికి చుట్టమవుతుంది. పురిటినొప్పుల్లో పక్కన ఉండేదీ ఆవిడే. అంత గొప్ప మాటను మగవాళ్ళు సారాకొట్లో కూర్చుని చెత్తకబుర్లకు పేరు చేశారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మా పక్కింటి జెనెట్ ఊళ్ళో సగంమంది పిల్లలకు గాసిప్. మొగుడు పోయాక ఉన్ని వడుకుతూ బతికేది. పురిటింట్లో ఆడవాళ్ళకు కాచిచ్చే బీరుగంజి నీళ్ళగా ఉంటే ఆ ఇంటివాళ్ళ మొహానే అనేసేది.

ఒక తెల్లవారుజామున ఆనిస్ అనే పనిపిల్లకు నొప్పులొస్తే జెనెట్‌తో నేనూ వెళ్ళాను. పెళ్ళికాని పిల్ల. అలాంటప్పుడు తండ్రి పేరు అడిగి తీరాలి. ఆ బాధలో ఎవరూ అబద్ధమాడరని నమ్మకం.

"చెప్పవే తల్లీ, ఎవరు?" అంది జెనెట్.

"మా అయ్యగారే... థర్‌స్టన్ అయ్యగారు" అని ఏడ్చింది ఆనిస్. ఆయన మా చర్చికి పెద్ద.

తండ్రి తేలకపోతే తల్లిని కొరడాదెబ్బల జైలుకు పంపుతారు. అందుకే మేమిద్దరం న్యాయాధికారి దొరగారి ముందు ప్రమాణం చేసి ఆ పేరు చెప్పాం.

థర్‌స్టన్ నవ్వాడు. "గాసిప్పుల కబుర్లు దొరా! వీళ్ళకింకేం పని?"

దొరగారూ నవ్వారు. దొంగలూ దొంగలూ ఊళ్ళు పంచుకున్నట్టే! ఆనిస్‌ను జైలుకు తీసుకుపోయారు. అక్కడే జ్వరం తగిలి చచ్చిపోయింది. పసిదాన్ని జెనెట్ తన ఇంటికి తెచ్చుకుంది.

ఏడాది తిరిగేసరికి థర్‌స్టన్ పెళ్ళానికి నొప్పులు మొదలయ్యాయి. జెనెట్ ఉంటే తప్ప కాదని ఆవిడ పట్టుబట్టింది. టోపీ చేతబట్టుకుని వాడే జెనెట్ గుమ్మంలోకొచ్చాడు.

"నావి ఉత్త కబుర్లేగా అయ్యా? నాతో పనేంటి?"

"అప్పటి సంగతి ఇప్పుడెందుకు జెనెట్? తొందరగా రా."

సిగ్గులేని జన్మ! "వెళ్ళకే" అన్నాను.

"పాపం వాడిది, నొప్పులు ఆవిడవి" అంటూ వెళ్ళింది.

ఆదివారం బిడ్డ బాప్తిస్మం. చర్చి నిండా జనం, ముందు వరసలో దొరగారు. గాసిప్‌గా జెనెట్ నిలబడి, థర్‌స్టన్ కొడుకును చేతుల్లోకి తీసుకుని, దేవుడి ఎదుట ఆ బిడ్డ పేరు చెప్పింది. ఆ మాటను మాత్రం ఎవరూ కబుర్లనలేదు.

తర్వాత నా చంకలో ఉన్న ఆనిస్ కూతురి వైపు వంగి, అందరికీ వినపడేలా అంది. "ఇలా చూడమ్మా, నీ తమ్ముడు."

థర్‌స్టన్ నవ్వలేదు. దొరగారూ నవ్వలేదు.