ఎనెలేసి చేలో రాళ్ల మూల

కొలతల వైసన్ అంటే జోంబా కొండకు ఇవతల పది ఊళ్లలో తెలియనివాళ్లు ఉండేవారు కాదు. పూర్తి పేరు వైసన్ ముక్విందా. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. భుజాన తాడు చుట్ట, చంకలో నాలుగు గూటాలు, సైకిలు వెనక సంచిలో కొక్కేనికి వేలాడదీసే తూకం. ఏప్రిల్లో మొక్కజొన్న ఎండుముఖం పట్టిందంటే చేలగట్ల మీద ఆయన ఈల వినబడాల్సిందే. ఆ ఈలకు రాగం లేదు, పాడు లేదు. చెవులు మూసుకోవాలనిపించేది. ఇప్పుడు ఒక్కసారి విందామంటే ఆయన లేడు. పోయిన చలికాలంలో పోయాడు.

ఆయన తాడుకు రెండో కొస పట్టుకున్నదాన్ని నేను. నా పేరు తియమికే. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు, పరిశోధన కేంద్రంలో కొత్తగా చేరాను. ఊళ్లలో పేదరికం తగ్గుతోందా పెరుగుతోందా అని చూడటానికి మా కేంద్రం వాళ్లు ఊరికి ఇరవై ఇళ్లు ఎంచుకుని, ఏటేటా ఆ ఇళ్లకే వెళ్లి ఎంత పండింది, ఎన్ని నెలలు తిన్నారు అని అడిగేవారు. పంట ఎంతో రైతు నోటిమాటగా రాస్తే ఒప్పుకునేవారు కాదు. చేలో అయిదు మీటర్ల చదరానికి తాడు కట్టి, అందులో కంకులు విరిచి, ఎండబెట్టి తూచాలి. ఆ చదరం ఎక్కడ కట్టాలో రైతు చెప్పకూడదు, మేమూ చెప్పకూడదు. కేంద్రం వాళ్లిచ్చిన కాగితం మీద అంకెలుండేవి. తొమ్మిది, ముప్పై ఒకటి అని ఉంటే గట్టు వెంట తొమ్మిది అడుగులు, చేలోకి ముప్పై ఒకటి. అక్కడ పుట్ట ఉన్నా బండ ఉన్నా గూటం అక్కడే దిగాలి. అంకెలు చదివేది నేను. అడుగులు వేసేది వైసన్.

ఎంత హాయిగా ఉండేదో ఆ పని! తెల్లారకముందే సైకిలు మీద బయల్దేరేవాళ్లం, వెనక కూర్చుని నేను తూకం సంచి ఒళ్లో పెట్టుకునేదాన్ని. ఎత్తు ఎక్కాల్సినచోట దిగి నడవమనేవాడు. "నీ బరువు కూడా ఓసారి తూస్తాను ఉండు, కాగితం మీద రాయాలి" అనేవాడు. ఎండెక్కాక గట్టు మీద కూర్చుని ఒకే సీసాలో తోబ్వా పంచుకు తాగేవాళ్లం. ఆ తియ్యటి జావ అడుగున మిగిలిన గుజ్జు ఎప్పుడూ నాకే వదిలేవాడు.

అంత మంచి మనిషికీ ఒక తిప్పలుండేది. ఆయన చిలింబా ఊరి అల్లుడు. చిలింబా మేం కొలిచే ఊళ్లలో ఒకటి. మా వైపు పెళ్లయితే మగవాడే అత్తవారి ఊరికి కాపురానికి వెళ్తాడు. అల్లుడంటే అక్కడ ఏమిటి? కట్టెలు కొట్టాలి, గాదె అల్లాలి, పెద్దల దగ్గర నోరు మూసుకోవాలి. ఆయన వదినగారు ఎనెలేసి, అంటే భార్య అక్క, మాటకు మాట అప్పజెప్పే మనిషి. నేను చేరిన మొదటి ఏడు ఆవిడ చేలో అంకెల ప్రకారం లెక్కపెట్టుకుంటూ వెళ్తే చివర రాళ్ల మూలకు చేరాం. అక్కడ మొక్కలు మోకాలెత్తు కూడా లేవు.

ఎనెలేసి నడుం మీద చేతులు పెట్టుకుని అడ్డం నిలబడింది.

"ఏం మరిదీ, మా అమ్మ వండిన మొక్కజొన్న న్సీమా ముద్దలు మింగుతూ, మా ఇంటి గుట్టు తీసుకెళ్లి కొండమీద ఆఫీసులో పెడతావా?"

"అంకె ఇక్కడ పడింది వదినా. నా చేతిలో ఏముంది?"

"అంకెకెటూ సిగ్గులేదు. నీకూ లేదా? ఇంటికొచ్చినవాడికి మాడిపోయిన అడుగు గీకి పెడతారా ఎవరైనా? నడిమికి వెళ్లి చూడు, కంకులు మూరెడున్నాయి. కొట్టు గూటం అక్కడ. ఈ మూల సంగతి చేలు పంచిపెట్టే మా మేనమామ చెవినబడిందా, నీకు చేను ఇచ్చింది ఇందుకా అని ఊరంతా తిట్టిపోస్తాడు నన్ను."

వైసన్ నా వంక చూశాడు. నేను కాగితం వంక చూశాను. చివరికి ఆయన పన్నెండు అడుగులు వెనక్కి నడిచి, చేను నడుమ గూటం కొట్టాడు. నేను తాడు కొస పట్టుకుని బిగించి లాగాను.

ఒక్క ఎనెలేసి చేలోనే కాదు, ఆ ఊళ్లో ఇరవై ఇళ్లలోనూ అదే తంతు. నేను రాకముందు నాలుగేళ్లుగా నడుస్తోందట. ఎవరింటికి వెళ్లినా, వచ్చినవాళ్లకు ఇంట్లో మంచిదే చూపిస్తారు. అల్లుడు కాబట్టి కాదనలేడు. అలా కాగితం మీద చిలింబా బంగారం పండే ఊరైపోయింది.

నేను చేరిన రెండో ఏడు అక్టోబరులో, వానలకు ముందు, ఏయే పేద ఊళ్లకు విత్తనాలూ ఎరువూ ఉచితంగా ఇస్తారో జాబితా వచ్చింది. మా కొలతలు చూసే వేశారు. చుట్టుపక్కల ఏడు ఊళ్ల పేర్లున్నాయి. చిలింబా లేదు. అది తిండికి లోటులేని ఊరని జాబితా అడుగున రాశారు. ఆ సంవత్సరం చిలింబాలో గాదెలు నవంబరుకే ఊడ్చినట్టయ్యాయి.

డిసెంబరులో ఒకరోజు వైసన్, నేను ఎనెలేసి ఇంటికి వెళ్లాం. ఆవిడ ఎప్పటిలాగే ముందు చేతులు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చింది. తర్వాత మూతపెట్టిన పళ్లెం తెచ్చింది. మూత తీస్తే పచ్చిమామిడికాయా తవుడూ కలిపి ఉడకేసిన ముద్ద.

"తినండి. ఇవ్వాళ ఇదే" అంది. హాస్యమాడలేదు, తిట్టలేదు. పిల్లలు అరుగుమీద గోడకు జారగిలబడి పళ్లెం వంకే చూస్తున్నారు.

వైసన్ ఒక ముద్ద మింగి, మిగతాది పిల్లల ముందుకు జరిపాడు. దారిలో ఈల వేయలేదు. ఎత్తు దగ్గర దిగి సైకిలు పట్టుకుని నిలబడిపోయాడు.

"పన్నెండు అడుగులు తియమికే. పన్నెండు అడుగులు జరిపి ఊరి కంచాలు లాగేశాను."

"అందరూ జరపమన్నారు కదా అన్నయ్యా! మన తప్పేముంది?"

"వాళ్లకు అంకె సంగతి తెలియదు. నాకు తెలుసు." మళ్లీ సైకిలు తోస్తూ, "రేపు కేంద్రంలో ప్రొఫెసరుగారికి చెప్పేస్తాను" అన్నాడు.

"చెబితే ఉద్యోగం ఉంటుందా? చెప్పకపోతే ఏమవుతుంది?"

"వచ్చే జాబితాలోనూ ఉండదు ఊరు. అంతే."

మా కేంద్రానికి పెద్ద అయిన ప్రొఫెసరు మంగులామా కోపంతో అరిచే మనిషి కాదు. అదే భయం. వైసన్ చెప్పిందంతా విని, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"ఆరేళ్లుగానా?"

"ఆరేళ్లుగానే సార్."

"ఆరేళ్ల కొలతలు చెత్తబుట్టలో పారేయాలి. తెలుసా నీకు?"

"తెలుసు సార్. ఈ ఏప్రిల్లో మళ్లీ కొలిపించండి. అంకె ఎక్కడ పడితే అక్కడ."

ప్రొఫెసరు నా వైపు తిరిగాడు. "అంకెలు చదివింది నువ్వు కదమ్మా. నీకు తెలియదా?"

ఇంట్లో నా జీతం మీద అయిదుగురు బతుకుతున్నారు. నేను నోరు తెరిచేలోగా వైసన్ అందుకున్నాడు. "ఆ పిల్ల గట్టుమీదే కూర్చుని అంకెలు చదివేది సార్. నేనెక్కడ కొట్టానో చూడలేదు. తాడు కూడా నేనే కట్టుకునేవాణ్ని."

పచ్చి అబద్ధం. నేను తలొంచుకున్నాను, ఛీ, అంతే చేశాను. ప్రొఫెసరు లేచి, "ఆ తాడు ఆ అమ్మాయికిచ్చి వెళ్లు" అన్నాడు. వైసన్ చుట్ట విప్పి, చిక్కులేవీ లేకుండా మళ్లీ చుట్టి నా చేతికిచ్చాడు.

ఏప్రిల్లో నేనే కొలిచాను. ఎనెలేసి చేలో అంకె మళ్లీ రాళ్లవైపే పడింది. ఈసారి ఆవిడే ముందు నడిచింది. చదరంలో పదకొండు కంకులొచ్చాయి, బొటనవేలంత. ఆవిడ వాటిని నడుముకు చుట్టుకున్న చితెంజె గుడ్డలో పోసుకుంది. ఊరంతా చూస్తోంది, మేనమామతో సహా. గట్టు చివర అల్లుడు వైసన్ మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ అక్టోబరు జాబితాలో చిలింబా పేరుంది.

వైసన్ బజారులో సైకిళ్లు బాగుచేసుకుంటూ బతికాడు. ఇరవై మూడేళ్లు. నేను కనబడినప్పుడల్లా నల్లటి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ఒకే మాట అడిగేవాడు. "అంకె ఎక్కడ పడితే అక్కడేనా?" "అక్కడే అన్నయ్యా" అనేదాన్ని. "ఊఁ" అని ఈల అందుకునేవాడు. ఆ మాట అడిగేవాళ్లు లేకపోయాక, ఉద్యోగం మీద నాకు రుచి పోయింది.

ఈ ఏప్రిల్లో చిలింబా వెళ్లాను. అంకెలు ఇప్పుడు ఫోనులో వస్తాయి, తాడు మాత్రం అదే. ఎనెలేసికి డెబ్బై దాటాయి. చూడగానే నా చెయ్యి పట్టుకుని రాళ్ల మూలకు లాక్కెళ్లింది.

"కొట్టు ఇక్కడ. మా ఊళ్లో ఇప్పుడెవరొచ్చినా ముందు రాళ్లే చూపిస్తాం."

"అమ్మా, ఈసారి అంకె నడిమిలో పడింది."

"నడిమిలోనా? ఈ మూల కోసం మా మరిది ఉద్యోగం పోగొట్టుకున్నాడే! దాటిపోతావా దీన్ని? కళ్లు నెత్తికెక్కాయా నీకు?"

"ఆయన ఉద్యోగం పోయింది గూటం జరిపినందుకమ్మా. మళ్లీ జరపమంటావా?"

ముసలావిడ రాళ్ల వంక, నడిమి చేను వంక మార్చి మార్చి చూసింది. తర్వాత నా వెంట నడిచి, అంకె పడినచోట బోదె మీద చతికిలబడింది. మొదటి గూటం తనే రాయితో కొట్టింది. అప్పుడిక ఆగలేకపోయాను.

"అమ్మా, ఆ రెండేళ్లూ తాడు రెండో కొస నా చేతిలోనే ఉంది. ప్రొఫెసరుగారి దగ్గర వైసన్ అన్నయ్య నా కోసం అబద్ధమాడాడు. నేను నోరు విప్పలేదు."

ఎనెలేసి రాయి కింద పెట్టలేదు. "నాకు తెలీదా? అడ్డం నిలబడింది నేనేగా! ఉద్యోగం పోయిన సాయంత్రం ఇరవై ఇళ్లూ తిరిగాడు. ఆఫీసువాళ్లు అడిగితే ఆ పిల్ల గట్టు దిగలేదని చెప్పండి అన్నాడు. నిజంగానే వచ్చారు, అడిగారు. ఇరవై ఇళ్లవాళ్లమూ అదే చెప్పాం."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ నా వంక చూడకుండా రెండో గూటం అందుకుంది.

"ఏడిస్తే ఏడువు గానీ తాడు లాగి పట్టుకో. వదులైపోతోంది."